డాక్టరు "ఆగనీ" అన్నాడు

జులై 7, 1985, ఆదివారం

పట్టాభి సారు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. మా మేడ మీది గదిలో కిరాయికి ఉంటాడు, కృష్ణా జిల్లా ఆయన, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతాడు. "ఏదో ఒకటి రాసుకోండి ఎల్లయ్యగారూ" అని చేతిలో పెట్టాడు. బస్సు తోలినవాడికి రాసుకునేదేముంటుందని ఇనప్పెట్టెలో పడేశాను. ఇవాళ తీశాను. ఇవాళ రాయకపోతే సంతోషం పక్కటెముకలు విరుచుకుని బయటికి దూకేటట్టుంది.

మా యాదమ్మ జిల్లా కబడ్డీ జట్టుకు ఎక్కింది!

ఇంకోసారి రాస్తాను, ఎవరొద్దంటారు? నా బిడ్డ యాదమ్మ రంగారెడ్డి జిల్లా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఎక్కింది. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కగా మొక్కగా, ఇక పుట్టరు అని అందరూ అనుకున్నాక పుట్టిన ఒక్కతే బిడ్డ. స్వామి పేరే పెట్టాం. ఇంట్లో యాది అంటాం. చిన్నప్పుడు నా వీపు మీదెక్కి కూర్చుని "హోల్డాన్" అంటే నేను ఆగాలి, "రైట్ రైట్" అంటే కదలాలి. డ్యూటీలో కండక్టరు మాట వినాలి, ఇంట్లో దీని మాట వినాలి. అట్లా పెరిగింది.

ఆట ఎక్కడ నేర్చింది? గ్రౌండు ఎక్కడుంది మాకు? ఇల్లు లేవని ప్లాట్లలో, హద్దు రాళ్లనే గీతలుగా పెట్టుకుని నేర్చింది. ఒక ప్లాటులో పునాది తవ్వితే పిల్లలు పక్క ప్లాటుకు జరిగేవాళ్లు. అక్కడ ఇటుకలు దిగితే ఇంకో దానికి. కాలనీలు ముందుకు తోస్తుంటే ఆట వెనక్కి జరిగింది తప్ప ఆగలేదు.

దాని కూత వినాలి! "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అని ఒక్క ఊపిరి మీద ఎదుటి సగంలోకి దూకిందంటే, మళ్లీ మన గీత తాకేదాకా తెగదు. కూత తెగితే ఔటు. ఆటంతా ఆ ఊపిరిలోనే ఉంది.

ఆటల టీచరు ఇంద్రమ్మ అందరి ముందర అన్నది, "ఎల్లయ్య కాకా, నీ బిడ్డది ఊపిరి కాదే, ఇంజను."

"మరి ఎవని బిడ్డ అనుకున్నవ్? ముప్పై ఏండ్లు ఇంజను పక్కన కూసున్న" అన్నాను. నిజమే కదా. మా కాలం బస్సుల్లో ఇంజను డ్రైవరుకు ఎడమ పక్కనే, లోపలే ఉండేది. నా ఎడమ చెవిని దానికే ఇచ్చేశాను. కుడి చెవి పెన్షనుతో పాటు ఇంటికి తెచ్చుకున్నాను.

నవంబరులో ఎల్‌బీ నగర్‌లో అంతర జిల్లా పోటీలు. అందులో మెరిస్తే రాష్ట్ర జట్టు. ఇదే సమయమని టీచరు అంటుంది. కలాకండ్ తెచ్చి గల్లీ అంతా పంచాను.

మా ఇంటామె అనంతమ్మ మాత్రం, "ఎగురుండ్రి, తండ్రి బిడ్డ ఇద్దరు ఎగురుండ్రి. కాలో చెయ్యో ఇరిగినంక పసుపు వెట్టనీకి నేనున్న గదా" అన్నది. దాని నోట్లో కూడా ఒక ముక్క కుక్కాను. నవ్వింది. నవ్వలేదంటుంది కానీ నవ్వింది.

జులై 14

యాది పడింది. మోకాలు. రేపు రాస్తాను.

జులై 15, సోమవారం

నిన్న ప్రాక్టీసులో ఇద్దరు పట్టుకుంటే విదిలించుకుని గీత మీదికి దూకింది. గీత అంటే హద్దు రాయి. దాని మీద మోకాలు పడింది. చిట్ అని చప్పుడు. అంత దూరంలో నిలబడ్డవాడికి, ఒక చెవివాడికి వినపడింది. చిప్ప పక్కకు జరిగిపోయి, కాలు నా బిడ్డది కానట్టు కనపడింది. ఎత్తుకుని రిక్షా దాకా పరుగెత్తాను. ఎట్లా పరుగెత్తానో తెలియదు.

ఎముకల డాక్టరు దవాఖాన కొత్తది, గోడలకు ఇంకా సున్నం వాసన. యాది అరవలేదు. చున్నీ కొరికింది. డాక్టరు నాకు ఎడమ పక్కన వంగి మోకాలు నొక్కుతూ సిస్టరమ్మతో గబగబా ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ముందుదంతా నాకు అందలేదు. ఆఖరి మాట మాత్రం శుభ్రంగా తెలుగులో పడింది: "ఇంక ఆగనీ."

చిప్పను జాగాలోకి నెట్టేటప్పుడు మళ్లీ అన్నాడు. ఇంక ఆగనీ.

నేను రిక్షా పిలవడానికి బయటికి వెళ్లాను. అనంతమ్మ లోపలే ఉండి మందులవీ అడుగుతోంది. ఆమె వచ్చాక, పిండికట్టు కాలుతో యాదిని రిక్షాలో కూర్చోబెట్టాను.

"ఏమన్నడు నాయినా?"

"ఇంక ఆగనీ అన్నడు బిడ్డా. ఆట ఇంక చాలన్నడు."

"గట్లనే అన్నడా?"

"రెండు మాట్ల అన్నడు."

అనంతమ్మ నా మొహం చూసింది. తర్వాత కొంగు సర్దుకుని రోడ్డు చూసింది.

"నువ్వు ఒద్దంటున్నవా, డాక్టరు ఒద్దంటున్నడా?" అని అడిగింది యాది.

డాక్టరు అన్నాను. అన్నది డాక్టరే కదా. నేను ఆపలేదు. చదువుకున్నవాడు చెప్పాడు, నేను విన్నాను, విన్నది చెప్పాను.

జులై 21

ఇంద్రమ్మ టీచరు వచ్చింది. "నవంబరు దాంక మస్తు టైమున్నది కాకా. ఇద్దరు ముగ్గురు పిల్లలకు గిట్లయింది, మళ్ల ఆడిండ్రు. నేను పోయి డాక్టరును అడుగుత."

"ఎందుకు టీచరమ్మా, పెద్దోడు చెప్పినంక మళ్ల అడుగుడు? కోపం జేస్తడు" అన్నాను.

చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది.

జులై 30

ఇల్లు నిండుగా ఉంది. పొద్దస్తమానం బిడ్డ కళ్ల ముందే ఉంటుంది. సంతోషంగా ఉంది. ఆ చిట్ అనే చప్పుడు ఇక వినక్కర్లేదు. చాలా సంతోషంగా ఉంది.

ఆగస్టు 9

జట్టులో ఇచ్చిన తొమ్మిదో నంబరు బనీను యాది ఉతికి, మడతపెట్టి, ఎవరో పిల్ల చేతికిచ్చి టీచరుకు పంపించింది. మంచిదే.

మంచిదే కదా.

ఆగస్టు 16

బియ్యం ఏరుతూ గొంతులో ఏదో అనుకుంటోంది. పాట అనుకుని కుడి చెవి పెట్టాను. పాట కాదు. కూత. రాయి దొరికినప్పుడల్లా పక్కకు విసురుతుంది, కూత మాత్రం తెగడం లేదు. నన్ను చూసి నోరు మూసుకుంది.

ఆగస్టు 27, మంగళవారం

ఇవాళ కట్టు విప్పారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరు కాలు వంచి చూశాడు, చాపి చూశాడు. "భేష్! బాగా కుదురుకుంది. ఏం యాదమ్మా, మళ్లీ ఆట ఎప్పుడు?" అన్నాడు.

యాది నా వైపు చూసింది. నేను చెప్పాను, "మీరే గద సారూ ఆగనీ అన్నరు."

"నేనా? ఎప్పుడన్నాను?"

"ఆ పొద్దు. రెండు మాట్ల. ఇంక ఆగనీ, ఇంక ఆగనీ అన్నరు."

సిస్టరమ్మ ముందు నవ్వింది. తర్వాత డాక్టరుకు అర్థమై, కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. "పెద్దాయనా! ఇన్ ఆగనీ! అది ఇంగ్లీషయ్యా. పాపం పిల్ల చాలా బాధలో ఉందని సిస్టరుతో చెప్పాను. ఆగనీ అంటే విపరీతమైన బాధ."

"ఆగనీ అంటే ఆగనీ కాదా?"

"కాదు. ఆడొద్దని నేనెందుకంటాను? రోజూ నడిపించండి, కాలికి బలం రానివ్వండి. కష్టపడితే చలికాలానికల్లా ఆడుతుంది. ఆ రోజే మీ ఆవిడతో చెప్పానే, మీరు రిక్షా కోసం వెళ్లినప్పుడు!"

గదిలో అందరూ నవ్వుతున్నారు. యాది నవ్వడం లేదు. అనంతమ్మ నవ్వడం లేదు. నేను కొంచెం నవ్వాను.

ఇంటికొచ్చాక అడిగాను, "నీకు చెప్పిండట గదనే?"

"చెప్పిండు. రెండు చెవులతోని ఇన్న."

"మరి చెప్పకపోతివి?"

"నీకు గావాల్సింది నీకు ఇనవడ్డది. నాకు గావాల్సింది నువ్వు చెప్పినవ్. ఊకున్న."

అని పొయ్యి ముందు కూర్చుంది. యాది గుమ్మంలో నిలబడి ఇద్దరి మాటలూ విన్నది.

ఆగస్టు 28

యాది మాట్లాడలేదు.

ఆగస్టు 29

మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

సెప్టెంబరు 2

"ఉప్పెక్కువైందా నాయినా?" అని అడిగింది. ఎక్కువే అయింది. కాలేదన్నాను. బోలెడంత సంతోషమైంది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

సెప్టెంబరు 5, గురువారం

ఈ డైరీ ఇచ్చిన చేయి చల్లగుండాలి! ఆ పట్టాభి కడుపు చల్లగుండాలి! ఆయన కిరాయి ఎన్నటికీ పెంచను. ఇది రాసి పెడుతున్నాను.

పొద్దున పైకి వెళ్లాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు.

"సారూ, ఆగనీ అనే ఇంగ్లీషు మాటకు ఇంకేమన్నా అర్థముందా? మంచిది?"

"మంచి అర్థమా! బాధకా?"

"జర చూడు సారూ. నీ కాడ ఇటుకంత పుస్తకమున్నది గద."

సగం మొహానికి సబ్బుతోనే ఆ పుస్తకం దించాడు. అది మాటల పుట్టుక చెప్పే పుస్తకమట. పేజీలు తిప్పాడు, వేలు పెట్టాడు, చదివాడు. చదివి నా వైపు చూసి, "ఎల్లయ్యగారూ, కూర్చోండి" అన్నాడు.

"చచ్చిపోయే అర్థమా సారూ?"

"కాదండీ బాబూ! ఇది ఇంగ్లీషువాడి సొంత మాటే కాదు. గ్రీకులని పాతకాలం వాళ్లున్నారు, వాళ్లది. వాళ్ల భాషలో ఆగోన్ అంటే జనం గుమిగూడిన చోటు. జనం ఎందుకు గుమిగూడతారు? ఆటలు చూడ్డానికి. అందుకని పోటీకే ఆగోన్ అన్నారు. కుస్తీలు, పరుగులు అన్నీ."

"అంటే బరి!"

"అదేనండీ, బరి. ఆ బరిలో గెలవడానికి పడే పెనుగులాట ఉంది చూశారూ, అది ఆగోనియా. తర్వాత్తర్వాత మనసులో పడే పెనుగులాటకీ అదే మాట అన్నారు. అది లాటిన్లోకి వెళ్లి, ఫ్రెంచిలోకి వెళ్లి, ఇంగ్లీషులోకొచ్చేసరికి మనసు పడే యాతన అయి కూర్చుంది. ఒంటి నొప్పి అన్నింటికంటే ఆఖర్న ఎక్కింది."

ముప్పై ఏళ్లు బండి తోలినవాణ్ణి, నాకు రూటు చెబితే చాలు. "ఆగు సారూ. గ్రీకోళ్ల బరి కాడ బయలెల్లింది. లాటిన్ల ఆగింది. ఫ్రెంచిల బండి మారింది. ఇంగ్లీషుకొచ్చి, ఆఖరికి దవాఖానల ఆగింది. అంతేనా?"

"అంతే! ఇంత బాగా మా క్లాసులో ఒక్కడూ చెప్పలేదు."

"మరి దవాఖాన కాడ్నుంచి మళ్ల బరికి రిటర్న్ సర్వీసు ఉండాలె గద?"

పట్టాభి చేతిలో పుస్తకం అట్లాగే ఉండిపోయింది. నేను మెట్లు దిగలేదు, దూకాను.

యాది నల్లా దగ్గర బిందె కింద పెట్టి నీళ్ల కోసం కూర్చుంది.

"బిడ్డా, ఆ మాటకు అర్థం తెలిసింది."

"నొప్పి. డాక్టరు చెప్పిండు గద."

"నొప్పి ఆఖరి స్టేజి. మొదటి స్టేజి బరి. అది కబడ్డీ మాటే. గెలవనీకి పెనుగులాడుడు. గ్రీకులని ఉన్నరట, వాళ్లది. గాడ్నుంచి..." రూటంతా చెప్పాను. బిందె నిండి పొర్లుతోంది, ఇద్దరం కట్టేయలేదు.

విన్నది. పొర్లే నీళ్లలో చేయి పెట్టింది. తర్వాత, "గ్రీకోళ్లు గూడ కూత వెట్టేదా నాయినా?" అన్నది.

"ఎవరికెరుక? ఊపిరున్నోళ్లయితే వెట్టే ఉంటరు."

నవ్వింది! నా బిడ్డ నవ్వింది! నవ్వుతూనే అడిగింది, "మరి నన్నెందుకాపినవ్?"

"ఎడమ చెవి బిడ్డా. దానికి మంచిగ ఇనవడది."

"కుడి చెవి ఏం జేస్తుండె?"

దీనికి నేను ఏం చెప్పానో రాయను. చెప్పలేదు కాబట్టి రాయను.

నల్లా కట్టేసి, బిందె చంకనెత్తుకుని, లోపలికి పోతూ అన్నది, "రేపు పొద్దుగాల లేపు."

లేపుతాను! కోడిని కూడా నేనే లేపుతాను!

సెప్టెంబరు 8, ఆదివారం

మెత్తటి నేల మీద ఉరికితే మోకాలికి బలమని ఇంద్రమ్మ టీచరు చెప్పింది. మెత్తటి నేల ఎక్కడుంది? ఇల్లు లేచే ప్రతి చోటా ఉంది! మా గల్లీ రామచంద్రం ఇల్లు మొదలుపెట్టాడు, రెండు లారీల ఇసుక కుప్ప పోసి ఉంది. పోయి అడిగాను.

"ఎల్లన్నా, ఇసుక ఇల్లు గట్టనీకి తెచ్చిన, కాళ్లు గట్టనీకి గాదు" అన్నాడు.

"కాలు గూడ కట్టుడే గదనే. నీ గోడలేసే దాంక ఉరుకుతది. మళ్ల నేనే పారతోని కుప్పజేస్త."

"కుప్పజేస్తవా, నిజంగ?"

"గిప్పుడే తెస్త పార."

చేశాను కూడా. యాది ఇసుక ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. మొదట కుంటుతూ, తర్వాత పళ్లు బిగించి. నేను కింద నిలబడి చెదిరిన ఇసుక ఎగదోస్తున్నాను. సాయంత్రానికి నడుము పడిపోయింది. అనంతమ్మ నడుముకు జిందా తిలిస్మాత్ మందు రాస్తూ, "ఆడేది బిడ్డ, కట్టు నీకు గట్టేటట్టున్నది" అన్నది. ఇంత తియ్యని నొప్పి ఎన్నడూ పడలేదు. ఆగోనియా ఇదే కావచ్చు.

సెప్టెంబరు 22

రామచంద్రం ఇసుక గోడల్లోకి ఎక్కింది. పక్క గల్లీలో ఇంకొకరిది దిగింది. అక్కడికి జరిగాం. కాలనీ పెరుగుతూనే ఉండాలి, దేవుడా! ప్రతి ఒక్కడూ ఇల్లు కట్టాలి!

అక్టోబరు 17

ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. యాది వాళ్లతో చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ చుట్టూ తిరిగింది. కుంటు లేదు. అనంతమ్మ పాట ఆపేసి దాని కాళ్లే చూస్తూ నడిచి ముందున్నామెను గుద్దుకుంది. "కండ్లు ఏడ వెట్టినవే?" అని ఆమె తిడితే, "నా బిడ్డ మోకాలు మీద" అన్నది!

అక్టోబరు 28

తొమ్మిదో నంబరు బనీను తిరిగొచ్చింది. టీచరు దాన్ని ఎవరికీ ఇవ్వలేదట. "నాకెరుకనే కాకా" అన్నది, అంతే. ఇవాళ చాయ్ తాగింది.

నవంబరు 9

రేపే. అన్నం సహించలేదు. పోటీకి ముందు కడుపులో ఈ గుబులుకు కూడా అదే మాట వాడేవాళ్లా అని పైకి వెళ్లి అడిగాను. వాడి ఉంటారన్నాడు పట్టాభి. యాది మాత్రం రెండు మార్లు వడ్డించుకుని తిన్నది.

నవంబరు 10, ఆదివారం

అక్షరాలు గుంతల రోడ్డు మీద బస్సులాగా పోతున్నాయి. పోనీ.

ఎల్‌బీ నగర్ గ్రౌండు. ఒక పక్క విజయవాడ రోడ్డు లారీల మోత, ఇంకో పక్క మైకు. అనంతమ్మ మొదటిసారి ఆట చూడడానికి వచ్చింది. పొద్దున యాది మోకాలికి పసుపు దారం కట్టి, "దీనికేమన్నయితే నీ నాయిన రెండో చెవి గూడ పోతది, యాదివెట్టుకో" అన్నది.

సాయంత్రం ఆఖరి ఆట కృష్ణా జిల్లా మీద. పట్టాభి మా పక్కన కూర్చున్నాడు. "ఎవరి పక్షం సారూ?" అంటే, "పుట్టిల్లు అటు, అద్దిల్లు ఇటు. అద్దె ఇంట్లో తిండి బాగుంది, ఇటే" అన్నాడు.

కృష్ణా జిల్లా పిల్లలు ఎంత మంచిగా ఆడారంటే, మా వాళ్లు ఒక్కొక్కరే ఔటై గీత బయట వరుసగా కూర్చున్నారు. లోపల మిగిలింది యాది, ఇంకో చిన్న పిల్ల. వాళ్లు మాకంటే ముందున్నారు. ఆట ముగిసిపోవచ్చింది. యాది కూతకు పోయింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

ఒకామె చేయి తప్పించుకుంది. వెనక్కి తిరిగేలోపల ఒకామె దాని కాలు పట్టింది. ఏ కాలు? అదే కాలు! ఇంకొకామె నడుము. ఇంకిద్దరు మీద పడ్డారు. నలుగురు! మీద కుప్ప తప్ప నా బిడ్డ కనపడడం లేదు. అనంతమ్మ నా మోచేయి పట్టుకుంది, గోళ్లు దిగాయి.

జనమంతా లేచి అరుస్తున్నారు. నాకు చిట్ అనే చప్పుడు కావాలి, కాదు, అది వద్దు, కూత కావాలి. తల తిప్పి కుడి చెవి బరి వైపు పెట్టాను. లారీలు, మైకు, జనం. వాటన్నింటి కింద, మట్టిలోంచి వచ్చినట్టు:

"...బడ్డీ కబడ్డీ కబడ్డీ..."

తెగలేదు! రిఫరీ వంగి దాని నోటి దగ్గర చెవి పెట్టాడు. చేయి ఎత్తలేదు. తెగలేదు! నలుగురిని లాక్కుంటూ, ఆ కుప్ప మొత్తం గీత వైపు జరుగుతోంది. జానెడు. ఇంకో జానెడు. అప్పుడు నేను బెంచీ ఎక్కి అరిచాను:

"ఆగని! ఆగని! నా బిడ్డ ఆగని!"

ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి కస్సుమన్నాడు, "ఏందయ్యా ముసలాయనా, గంత మంచిగ గుంజుతుంటే ఆగనీ అంటవ్? బిడ్డ గెలుసుడు ఇష్టం లేదా?"

"ఆగనీ అంటలేనయ్యా! ఆగని అంటున్న! ఆగని పిల్ల! దీర్ఘం లేదు!"

"దీర్ఘం లేదండీ!" అని పట్టాభి కూడా బెంచీ ఎక్కాడు. కృష్ణా జిల్లా గొంతుతో "ఆగోన్! ఆగోన్!" అని ఆయన, "ఆగని! ఆగని!" అని నేను. ఏమిటో తెలియకపోయినా మా వెనక వాళ్లు అందుకున్నారు. గ్రౌండంతా ఆగని, ఆగని!

కుప్పలోంచి ఒక చేయి బయటికొచ్చింది. మట్టి కొట్టుకుపోయిన వేళ్లు. మధ్యవేలు గీతను తాకింది. తాకిన తర్వాత కూడా ఒక్కసారి "కబడ్డీ" అన్నది. అప్పుడు ఊపిరి వదిలింది.

నలుగురూ ఔటు!

ఆ తర్వాత ఎట్లా గెలిచారో నేను చూడలేదు. ఏడుస్తున్నాను. అనంతమ్మ ఏడుస్తున్నది. పట్టాభి సొంత జిల్లా ఓడినందుకో అద్దె జిల్లా గెలిచినందుకో ఆయన కూడా ఏడుస్తున్నాడు. గెలిచారని మాత్రం తెలుసు. మైకులో రాష్ట్ర జట్టు పేర్లు చదివారు. మూడో పేరు: "ఇ. యాదమ్మ, రంగారెడ్డి."

కుంటుతూ వచ్చింది. నాకు ప్రాణం పోయింది. "నొప్పా బిడ్డా?"

"మస్తు నొప్పి" అన్నది, చెవుల దాకా నవ్వుతూ. "మొదటి స్టేజి నొప్పి నాయినా."

నవంబరు 11

మోకాలు బాగుంది. డాక్టరు చూశాడు. నడుం వంచి నాకు దండం పెట్టి, "ఇక మీ ముందు ఇంగ్లీషు మాట్లాడను" అన్నాడు. మాట్లాడమన్నాను. ఒక్కో మాటకు ఎంత దూరం రూటుందో ఎవరికెరుక!

నవంబరు 24, ఆదివారం

రాష్ట్ర జట్టు క్యాంపు విజయవాడలో. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించడానికి వెళ్లాం. ఇంద్రమ్మ టీచరు తోడు పోతున్నది. అనంతమ్మ సకినాల డబ్బా, పసుపు దారాల ఉండ మొత్తం ఇచ్చింది. "జట్టుల అందరికి కట్టు. మనదొక్కటే మోకాలా?" అన్నది.

బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. కండక్టరు ఎక్కడో వెనక టికెట్లు కొట్టడంలో మునిగిపోయాడు. డ్రైవరు ఇంజను ఆన్ చేసి, వెనక్కి చూస్తూ, మాట కోసం కాచుకున్నాడు. మాట లేకుండా బండి కదలకూడదు. అది రూలు, నాకు తెలుసు.

యాది కిటికీలోంచి తల బయటపెట్టింది. నాకు ఎడమ పక్కన ఉంది. నేను గబగబా తిరిగి కుడి పక్కకు తెచ్చుకున్నాను. అది చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాయినా, పోవాల్నా, ఆగాల్నా?"

నలుగురు విన్నారు. నలుగురేం, రోడ్డంతా వినేటట్టు అడిగింది. అడిగి, చిన్నప్పుడు నా వీపు మీద కూర్చుని నేను కదలడానికి ఎట్లా కాచుకునేదో అట్లా చూసింది.

బస్సు పక్కన రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. గొంతులో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను:

"రైట్! రైట్!"

డ్రైవరు కుర్రవాడు, కొత్తవాడు, నేనెవరో ఎరుగడు. అయినా నా మాటకు బండి కదిలింది.